అవ్వను కనిపెట్టుకుని ఉండే కూలి ఎవరియ్యాలి?

ప్రతి ఏడూ అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవం చేస్తారు. మండలాఫీసు ముందు షామియానా వేస్తారు. నలుగురు ముసలోళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువాలు కప్పుతారు, అరటిపళ్ళు పంచుతారు, ఫొటో దిగుతారు. తర్వాత ఉపన్యాసం. ‘ఈ కాలం పిల్లల్లో ప్రేమ తగ్గింది, ఉమ్మడి కుటుంబం పోయింది, తల్లిదండ్రులను చూసుకోవడం మన ధర్మం’ అంటారు. చప్పట్లు కొడతారు.

ఆ ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి తల్లికి మతి తప్పితే ఆమెకు స్నానం చేయించేదెవరు? గుడ్డలు మార్చేదెవరు? అర్ధరాత్రి గేటు తీసుకుని రోడ్డెక్కితే ఎనక పరుగెత్తేదెవరు? జీతానికొచ్చిన మనిషి. ఆ మనిషి ఏ వాడ నుంచి వస్తుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. గుంటూరు, ఒంగోలు పల్లెల నుంచి హైదరాబాదు ఇళ్ళకు పోయేది మన ఆడకూతుళ్ళే. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు పోయి అక్కడి ముసలోళ్ళకు గంజి తాపేది మన చెల్లెళ్ళే. వాళ్ళక్కడ పరాయి తల్లికి తల దువ్వుతుంటే ఇక్కడ వాళ్ళ అత్త గొళ్ళెం పెట్టిన ఇంట్లో కిటికీ పట్టుకుని అరుస్తుంటది. ఇంకొకరి అమ్మకు చేస్తే జీతం. సొంత అత్తకు చేస్తే ధర్మం. ఈ లెక్క ఎవరు రాశారు?

ప్రేమ సంగతి మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మేము కూలి సంగతి మాట్లాడదలచుకున్నాం.

ఇది చాదస్తం కాదు, జబ్బు

వాడల్లో దీనికి ఒక పేరంటూ లేదు. మతి తప్పిందంటారు, పెద్దతనం అంటారు, చాదస్తం అంటారు. ఇప్పుడే అన్నం తిని, ‘కోడలు మూణ్ణాళ్ళ నుంచి మెతుకు పెట్టలేదు’ అని వీధంతా చెబుతుంది అవ్వ. కొడుకును చూసి చచ్చిపోయిన మొగుడనుకుంటుంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన ఇంట్లోనే కూర్చుని ‘మా ఇంటికి పోతా’ అని గుడ్డలు మూట కడుతుంది. పొద్దుగూకితే గోల ఎక్కువవుతుంది. పోను పోను ఒంటేలు, దొడ్డి కూడా తెలియవు.

డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్ జబ్బు. మెదడు కణాలు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. మెదడుకు రక్తం సరిగా అందక వచ్చేది ఇంకో రకం. బీపీ, షుగరు అదుపులో లేనివాళ్ళకు దాని ప్రమాదం ఎక్కువ. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ లాంటి బిళ్ళలు కొంతమందికి కొంతకాలం ఆసరాగా ఉంటాయి గానీ జబ్బును నయం చెయ్యవు. ‘బ్రెయిన్ టానిక్’ అని సెలైన్లు ఎక్కించి వేలు గుంజేవాళ్ళను నమ్మొద్దు.

ఇంకో సంగతి కూడా ప్రతి కార్యకర్తా గుర్తు పెట్టుకోవాలి. మతి తప్పిన ప్రతి మనిషికీ ఇదే జబ్బు అనుకోకూడదు. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా, లోపల దిగులు పేరుకున్నా, పడిపోయి తల లోపల రక్తం గూడుకట్టినా మనిషి ఇట్టాగే అయిపోవచ్చు. వీటిని కనిపెడితే వైద్యం ఉంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తేడాగా మాట్లాడితే అది జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, ఊపిరితిత్తుల్లో నెమ్మో కావచ్చు. ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. రక్తపరీక్ష కూడా రాయకుండా ‘వయసు మీద పడిందమ్మా, ఇంటికి తీసుకుపో’ అంటే అక్కడే కూర్చుని అడగాలి.

ఈ జబ్బు ఎంతమందికి? 2023లో అచ్చయిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది. మొత్తం సుమారు 88 లక్షల మంది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. మీ ఊళ్ళో 60 దాటినవాళ్ళు నూరుమంది ఉంటే వాళ్ళలో ఏడుగురికి పైగా ఉండొచ్చు. వాళ్ళు మీకు కనపడుతున్నారా? కనపడరు. తలుపుల ఎనక ఉంటారు.

జబ్బుకు కులముంటుందా?

‘జబ్బుకు కులమేంది మాస్టారూ, పెద్దింటోళ్ళకూ వస్తుంది కదా’ అని మమ్మల్ని అడిగినవాళ్ళున్నారు. వస్తుంది. కాదనం. కానీ ఎవరికి వచ్చే దారులు ఎక్కువగా తెరిచి పెట్టారో చూడండి.

లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో 14 కారణాలు చెప్పింది. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే ఈ జబ్బును నూటికి 45 మందిలో ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని లెక్క కట్టింది. ఆ జాబితాలో బతుకు మొదట్లోనే పడే దెబ్బ చదువు లేకపోవడం. ఆ తర్వాత చెవుడు, చూపు తగ్గడం, బీపీ, షుగరు, తలకు దెబ్బలు, దిగులు, పొగ, మందు, ఒంటరితనం, గాలి కాలుష్యం లాంటివి. ఇది లండన్‌లో అచ్చయిన జాబితా. చదువుతుంటే మాకు మా వాడే కనపడింది. శుక్లం ముదిరినా ఆపరేషన్ చేయించుకోని కళ్ళు, క్వారీలో రాళ్ళ మోతకు చెవుడొచ్చిన చెవులు, ఇటుకల బట్టీ పొగ, కట్టెల పొయ్యి పొగ, ఎవరూ కొలవని బీపీ.

ఇక చదువు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లో పుట్టిన ఆడపిల్లకు ఇప్పుడు 75 దాటింది. ఆమె బడికి పోవాల్సిన వయసులో బడి ఊళ్ళో ఉంది, ఆమె వాడలో ఉంది. మధ్యలో దాటరాని వీధి ఉంది. 1961 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద షెడ్యూల్డు కులాల స్త్రీలలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి 3.29 మంది. నూటికి ముగ్గురు! మిగిలిన తొంభై ఏడుమందిని పలక పట్టనియ్యకుండా పేడకళ్ళు ఎత్తడానికి పంపిన ఊరు, ఆ అవ్వలకు ఇప్పుడు మతి తప్పితే ‘అది మీ ఇంటి సంగతి’ అంటోంది.

ఆ అన్యాయం పరీక్ష గదిలోకి కూడా వస్తుంది. మతిని కొలవడానికి ప్రపంచమంతా వాడిన ఒక ప్రశ్నల పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. నూరులో ఏడు తీసెయ్యి, మళ్ళీ ఏడు తీసెయ్యి, ఒక వాక్యం రాయి, ఈ బొమ్మ చూసి గియ్యి, ఇవాళ తారీఖెంత అని అడుగుతుంది. మా అవ్వలకు తారీఖుతో ఏం పని? ఏ కార్తెలో ఏ విత్తనం వెయ్యాలో అడగండి, చెబుతారు. ఎవరికి ఎన్ని రోజుల కూలి బాకీ ఉందో అడగండి, నోటిలెక్కన చెబుతారు. చదువు రాదని బాగున్న మనిషిని జబ్బు మనిషిగా రాయడం ఒక తప్పు. ‘చదువు లేదు కాబట్టి అట్టా చెప్పింది’ అని జబ్బు మనిషిని వెనక్కి పంపడం ఇంకో తప్పు. చదువు రానివాళ్ళ కోసం వేరే ప్రశ్నలు 1990లలోనే హిందీలో తయారు చేశారు. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో కలిపి ఐదు భాషల్లో పరీక్షలు తయారు చేయించింది. పరిశోధన జరిగింది, మంచిదే. మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఆ ప్రశ్నలు అడిగే మనిషిని మేము ఇంతవరకు చూడలేదు.

లెక్క వేద్దాం

మేము లెక్కలు చెప్పే పంతుళ్ళం. నల్లబల్ల మీద వేసినట్టు వేద్దాం. ఎవరింటి లెక్క వాళ్ళు అంకెలు మార్చి వేసుకోవచ్చు.

అవ్వను కనిపెట్టుకుని ఉండాలంటే కోడలు పనికి పోకూడదు. కలుపు కూలి రోజుకు 300 అనుకుందాం. నెలకు 20 రోజులు పని దొరుకుతుందనుకుందాం. పోయిన కూలి 6,000. పెద్దోళ్ళకు వేసే డైపరు ఒక్కోటి 30 రూపాయలకు దొరికినా, రోజుకు రెండే వాడినా, నెలకు 1,800. బీపీ బిళ్ళలు, నిద్ర బిళ్ళ, సబ్బు, ఆస్పత్రికి ఆటో అన్నీ కలిపి 1,500 అనుకుందాం. మొత్తం 9,300.

ఇప్పుడు రాబడి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 నుంచి 4,000. అది మొత్తం జబ్బుకే పెట్టి అవ్వ గాలి భోంచేసినా ఇంకా 5,300 తక్కువ. తెలంగాణలో 2019లో చేసిన 2,016 లెక్కన చూస్తే 7,284 తక్కువ. అక్కడ 2023 ఎన్నికల్లో 4,000 ఇస్తామని వాగ్దానం చేశారు. ఆ వాగ్దానాన్ని గుర్తు చేసే పని తెలంగాణ మిత్రులది. ఢిల్లీ సర్కారు వాటా ఎంతో తెలుసా? 1995లో ఈ పింఛను 75 రూపాయలతో మొదలైంది. 2007 నాటికి 200 అయింది. 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకు ఇప్పటికీ అదే 200. ఎనభై దాటితే 500. రెండు వందలకు ఈనాడు వారం రోజుల డైపర్లు కూడా రావు.

ఈ లెక్కలో పెద్ద అంకె ఏది? మందులు కావు, డైపర్లు కావు. కోడలి కూలి. ఆ 6,000 ఏ బడ్జెట్టులో కనపడదు, ఏ ఆస్పత్రి బిల్లులో కనపడదు. ఈ జబ్బు ఒక నెల జబ్బు కాదు. ఏళ్ళ తరబడి ఉంటుంది. అన్నేళ్ళూ ఒక ఆడమనిషి చేతులు కట్టేసి, ఆ ఖర్చు లేదని రాసుకుంటున్నారు.

వాడ ఎట్టా నెట్టుకొస్తోంది?

వాడలో ఐకమత్యముంది, ఒకరికొకరు తోడుంటారు అని పాటలు కడతాం. నిజమే. పక్కింటి అక్క ఒక పూట కూర్చుంటుంది. చర్చి పంచన కూర్చునే ముసలోళ్ళు తమ మధ్యలో ఆమెను కూర్చోబెట్టుకుంటారు. దారి తప్పితే ఊళ్ళో పిల్లకాయలు చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. పట్నం అపార్టుమెంటులో ఈ భాగ్యం లేదు. కానీ నాట్లప్పుడు, మిరపకోతలప్పుడు పక్కింటి అక్క కూడా పనికి పోవాలి. ఆమెకూ పొట్టుంది. అప్పుడు వాడ ఏం చేస్తుందో అది కూడా చెప్పుకోవాలి, దాచకూడదు.

ఒకటి, ఆడపిల్ల బడి మానేస్తుంది. మేము బడిలో ఉంటాం కాబట్టి ఇది ముందు మాకే తెలుస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల మొదట వారానికి ఒకరోజు రాదు. తర్వాత మూడు రోజులు రాదు. ఇంటికి పోయి అడిగితే ‘అవ్వ కాడ ఎవరూ లేరు సార్’ అంటది. మేము చూసిన ఇళ్ళలో మానిపించింది పిల్లనే, పిల్లోణ్ణి కాదు. అవ్వకు చదువు లేకపోవడం జబ్బుకు ఒక దారి అయింది. ఆ జబ్బు ఇప్పుడు మనవరాలి చదువు తింటోంది. ఇది గొలుసు. దీన్ని ఎవరో ఒకరు తెంచాలి.

రెండు, అప్పు. పొదుపు సంఘం అప్పు అవ్వ స్కానింగుకు పోతుంది. ఆ వాయిదా కట్టడానికి ఊళ్ళో నూటికి మూడు వడ్డీకి తెస్తారు. 50,000 తెస్తే నెలకు వడ్డీయే 1,500. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. 70 దాటినవాళ్ళందరికీ 5 లక్షల బీమా అని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. రెండూ ఆస్పత్రి మంచం మీద పడుకున్నవాళ్ళ కోసం పుట్టినవి. ఈ జబ్బు ఇంట్లో మంచం మీద ఉంటుంది. ఆపరేషన్‌కు లక్షలు ఇచ్చే కార్డు ఇంట్లో కూర్చుని గంజి తాపే చేతికి ఒక్క రూపాయి ఇవ్వదు.

మూడు, కట్టెయ్యడం. పాత చీర కొంగుతో మంచం కోడుకు కట్టేసి పనికి పోయేవాళ్ళున్నారు. చూసినవాళ్ళు పేగులు మెలిబెట్టినట్టు బాధపడతారు, కోడల్ని తిడతారు. చెరువు గట్టుకో, రైలు పట్టాల మీదికో పోతుందని భయపడి కట్టేసింది ఆమె. ఆమెను తిట్టేవాళ్ళు ఒక్క పూట వచ్చి అవ్వ దగ్గర కూర్చోండి.

నాలుగు, భూతవైద్యం. ‘గాలి సోకింది’ అని తాయెత్తులు కట్టేవాడొకడు, ‘దయ్యం పట్టింది’ అని ఉపవాస ప్రార్థన పెట్టించి కానుకలు గుంజేవాడొకడు. ఇంకా ఘోరమేందంటే, రాత్రిపూట ఒంటరిగా తిరిగి తనలో తాను గొణుక్కునే ముసలమ్మ మీద చేతబడి, బాణామతి అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడినవాళ్ళను కొట్టి చంపిన ఊళ్ళు మన తెలుగు నేల మీద ఉన్నాయి. జబ్బు మనిషిని మంత్రగత్తె అంటే మన వాడే మన అవ్వను చంపినట్టు.

ఐదు, వేలిముద్ర. ఇది ఉద్యమం అన్నిటికంటే ముందు చూడాల్సింది. ఆ ముసలోళ్ళ పేరు మీదే డి-పట్టా ఉంటుంది. అసైన్డు భూమి అమ్మకాన్నీ కొనుగోలునూ 1977 చట్టం నిషేధించింది. అయినా వేలిముద్రల మీద ఎన్ని ఎకరాలు చేతులు మారాయో మీ ఊరి పొలాలే చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టం సవరించి 20 ఏళ్ళు దాటిన భూముల మీద హక్కులు ఇవ్వడానికి తలుపు తీశారు. హక్కు రావడం మంచిదే. మరి ఆ హక్కు ఎవరి పేరున ఉందో ఆయనకు తన పేరే గుర్తు లేకపోతే? సీసా మందు, వంద రూపాయల నోటు చూపిస్తే చాలు, బొటనవేలు దానంతట అదే ముందుకొస్తుంది. మతి తప్పిన మనిషి వేసిన వేలిముద్రకు ఒప్పందంగా విలువ లేదు. కానీ అది కోర్టులో రుజువు చెయ్యాలంటే జబ్బున్నట్టు కాగితం ముందే చేతిలో ఉండాలి.

సర్కారు పథకాల్లో అవ్వ యాడుంది?

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచాన పడినవాళ్ళకు 2024 నుంచి 15,000 పింఛను ఉంది. ఇవ్వాల్సిందే. మరి మా అవ్వ? ఆమె నడుస్తుంది. నడవడమే ఆమె జబ్బు. మంచాన పడి ఉంటే ఒకచోట ఉంటుంది. లేచి తిరుగుతుంది కాబట్టి ఇరవై నాలుగు గంటలు మనిషి కావాలి. ‘కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి కదమ్మా’ అని ఆఫీసులో తిప్పి పంపుతారు.

తిప్పి పంపనియ్యకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలు రాసింది. వాటిలో డిమెన్షియా అనే మాట విడిగా లేదు. కానీ మానసిక అనారోగ్యం అంటే ఏందో చెప్పిన చోట ఆలోచన, దిక్కు తెలియడం, జ్ఞాపకశక్తి దెబ్బతినడం అని స్పష్టంగా ఉంది. దాని కింద సర్టిఫికెట్ అడగొచ్చు. వైకల్యం 40 శాతం, అంతకంటే ఎక్కువ అని తేలితే వికలాంగుల పింఛనుకు దారి దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 6,000.

అదే చట్టం 24వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఎక్కువ సాయం అవసరమైన వికలాంగుల కోసం సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ప్రభుత్వాలు పెట్టాలని రాసింది. చూసుకునే మనిషికి డబ్బు! పార్లమెంటు పాస్ చేసిన చట్టంలో ఉన్న మాట ఇది. అయితే మొదట్లోనే ‘ఆర్థిక స్థోమత మేరకు’ అని తోక తగిలించారు. ఆ తోక పట్టుకునే సర్కార్లు వేలాడుతున్నాయి. మా చుట్టుపక్కల పల్లెల్లో ఈ భత్యం అందుకున్న కోడలు ఒక్కతి కూడా మాకు కనపడలేదు.

ఇక 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర కేసు పెట్టి నెలకు 10,000 దాకా ఇప్పించుకోవచ్చు. ఆస్తులు రాయించుకుని తల్లిని గెంటేసిన కొడుకుల మీద పెట్టండి, మేమూ మీ వెంట వస్తాం. కానీ రోజు కూలి మీద బతికే కొడుకు దగ్గర ఏం ఇప్పిస్తారు? అదే చట్టం ప్రతి జిల్లాలో 150 మంది పేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమాలు దశలవారీగా పెట్టమని 19వ సెక్షన్‌లో ప్రభుత్వాలకు చెప్పింది. పిల్లలకు చెప్పిన సెక్షన్ అందరూ ఉపన్యాసాల్లో చదువుతారు. ప్రభుత్వానికి చెప్పిన సెక్షన్ ఎవరూ చదవరు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొకసారి ముసలోళ్ళ కోసం ప్రత్యేక ఓపీ ఉండాలంది. మీ కేంద్రంలో అది ఏ వారమో పోయి అడగండి.

కూలి అడగడం తప్పా?

‘సొంత అత్తకు చేసి కూలి అడుగుతారా, సిగ్గులేదా?’ అంటారు. సిగ్గు ఎందుకు? 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయం బిల్లు మీద బాబాసాహెబ్ అంబేద్కర్ మాట్లాడారు. బిడ్డను కనే తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికి మేలు చేసే పని, కాబట్టి ఆ భారం చాలావరకు ప్రభుత్వం మొయ్యాలని వాదించారు. కన్నబిడ్డ తల్లి సొంత బిడ్డే కదా, ఖర్చు ఆమే పెట్టుకోవాలని ఆయన అనలేదు. బతుకు మొదట్లో ఉన్న న్యాయం బతుకు చివర్లో ఉండదా?

2005 ఉపాధి హామీ చట్టంలో కూడా ఒక నియమం పెట్టారు. పని దగ్గర ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురో, అంతకంటే ఎక్కువో ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలి, ఆమెకు కూడా కూలి కట్టివ్వాలి. అంటే పిల్లలను చూసుకోవడం పని అని సర్కారే ఒప్పుకుంది. పసిబిడ్డను చూస్తే పని, మతి తప్పి పసిబిడ్డయిన అవ్వను చూస్తే పని కాదా?

కేరళలో మంచాన పడినవాళ్ళను చూసుకునే మనిషికి ఆశ్వాసకిరణం పథకం కింద నెలకు 600 రూపాయలు పెట్టారు. చిన్న మొత్తమే. కానీ చూసుకునేది కూడా పనేనని ఒక సర్కారు కాగితం మీద ఒప్పుకుంది. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన వైద్యానికి విధానం చేసింది. పంచాయతీల ద్వారా నర్సులు ఇంటికొచ్చి పుండ్లు కడిగి, మందులిచ్చి, ఇంట్లోవాళ్ళకు ఎట్టా చూసుకోవాలో నేర్పే ఏర్పాటు అక్కడ పెరిగింది. అక్కడ వీలైంది ఇక్కడ ఎందుకు వీలుకాదు?

అసలు మలమూత్రాలు ఎత్తే పనిని ఈ దేశం మన కులాలకే రాసిపెట్టింది. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలు తెచ్చుకున్నాం. వీధిలో అది కులం పని అయినట్టే, ఇంట్లో అది ఆడదాని పని అయింది. రెండింటికీ ధర్మం అనే పేరే పెట్టారు. మన మగవాళ్ళకు కూడా ఈ మాట తగలాలి. జై భీమ్ అని పిడికిలెత్తే చెయ్యి కన్నతల్లి గుడ్డ మార్చడానికి ఎందుకు రాదు?

ఉద్యమంలోని మిత్రులకు

‘దాడులు జరుగుతున్నాయి, భూములు పోతున్నాయి, ఇప్పుడు ముసలోళ్ళ మతిమరుపు ఒక సమస్యా?’ అని కొందరు మిత్రులు అంటున్నారు. వాళ్ళకు మా జవాబు.

కారంచేడు 1985లో జరిగింది. చుండూరు 1991లో జరిగింది. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఇరవై మూడేళ్ళు! అన్నేళ్ళు న్యాయాన్ని సాగదీస్తే ఆ రోజు కళ్ళారా చూసినవాళ్ళు ముసలోళ్ళవుతారు. వాళ్ళలో కొందరికి మతి తప్పుతుంది. కోర్టు ఆలస్యం చేసి చేసి చివరికి సాక్షి మెదడు మీద నెపం పెడుతుంది. వాడ పొలిమేర ఎక్కడ, శ్మశానానికి దారి ఎక్కడ, ఏ బంజరు మొదట ఎవరు కొట్టారు అనేవి కాగితాల్లో లేవు, ముసలోళ్ళ తలల్లో ఉన్నాయి. వాళ్ళ జ్ఞాపకం వాడ ఆస్తి. దాన్ని కాపాడటం ఉద్యమం పని కాకపోతే ఇంకెవరి పని?

ఇప్పుడు ఏం చెయ్యాలి?

మన వాడలో మనం చెయ్యాల్సినవి:

1. ప్రతి వాడలో 60 దాటినవాళ్ళ పట్టిక రాయండి. మతి తప్పినవాళ్ళు ఎవరు, చూసుకునేది ఎవరు, పని మానుకున్నది ఎవరు, బడి మానింది ఎవరు అన్నీ రాయండి. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ అక్కను కలుపుకోండి.

2. జబ్బు మొదట్లోనే డాక్టరు కాగితం, వైకల్యం సర్టిఫికెట్ తీసుకోండి. భూమి కాగితాలు, పాసుపుస్తకం ఇంట్లో నమ్మకమైన ఇద్దరి ఎరుకలో ఉంచండి. తోడు లేకుండా వేలిముద్ర వెయ్యనియ్యకండి.

3. ముసలోళ్ళకు జరిగిన కథలు, పొలిమేరలు, పేర్లు చదువుకునే పిల్లల చేత నోటు పుస్తకాల్లో రాయించండి.

4. సాయం కావాలంటే వృద్ధుల సహాయ నంబరు 14567. చూసుకునేవాళ్ళకు దిగులు ఎక్కువై బతుకు మీద విరక్తి పుడితే టెలీ మానస్ నంబరు 14416. రెండూ ఉచితమే. మాట్లాడటం నామోషీ కాదు.

సర్కారును అడగాల్సినవి:

1. డిమెన్షియా ఉన్న మనిషిని చూసుకునేవాళ్ళకు 2016 చట్టం ప్రకారం సంరక్షకుల భత్యం. అది కనీస వ్యవసాయ కూలికి తగ్గకూడదు.

2. నడవగలిగినా సరే, మనిషి తోడు లేకుండా ఉండలేని డిమెన్షియా రోగులను మంచాన పడినవాళ్ళతో సమానంగా పింఛనులో చేర్చాలి.

3. ప్రతి వాడలో ముసలోళ్ళ కోసం పగటి కేంద్రం. పొద్దున పనికి పోతూ వదిలి, సాయంత్రం తీసుకుపోయేట్టు ఉండాలి. వాడ ఆడవాళ్ళనే జీతం మీద పెట్టాలి. 2013లో కొట్లాడి సబ్ ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం. తెలంగాణలో అది 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. ఆ నిధులు రోడ్లకూ, వంతెనలకూ మళ్ళించకుండా దీనికి పెట్టాలి.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలుగులో, చదువు రానివాళ్ళకు సరిపోయే మతి పరీక్ష. బి12, థైరాయిడ్ పరీక్షలు. ఉచితంగా మందులు, డైపర్లు.

5. అవ్వ కోసం బడి మానిన ప్రతి ఆడపిల్లను వెనక్కి తెచ్చే బాధ్యత మండల విద్యాశాఖది. మేము పేర్లు ఇస్తాం.

రాబోయే గ్రామసభకు ఈ ఐదు కోర్కెలు కాగితం మీద రాసుకుని పోండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించేదాకా లేవకండి. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళను ఒకటే అడగండి: ఈ రోజు మా కోడలు పనికి పోలేదు, ఆమె కూలి ఎవరిస్తారు?

జై భీమ్!